మా చేలో పచ్చదీపం

చేలో పాతిన స్తంభానికి పచ్చదీపం వెలిగితే నేలలో తేమ ఉన్నట్టు. ఎర్రదీపం వెలిగితే లేనట్టు. ఎరుపు వచ్చిన చేనుకే కాలువ తూము తెరుస్తారు. పచ్చగా ఉన్నంతకాలం చుక్క నీళ్ళు రావు. ఆ వేసవిలో మా కాలువ కింద రైతులందరికీ నీటి ఆఫీసు పెట్టిన రూలు ఇది. వినడానికి ఎంత చక్కగా ఉందో చూడండి. మొదట నేనూ తల ఊపినదాన్నే.

ఎందుకు ఊపానంటే, అంతకుముందు ఎవడి గొంతు పెద్దదైతే వాడి చేనుకే నీళ్ళు. మా ఆయన లారీ డ్రైవరు. ఇంటి పట్టున ఉండేది తక్కువ, రోడ్డు మీద ఉండేది ఎక్కువ. తూము దగ్గర నిలబడి అరిచేవాళ్ళు లేక మా వంతు ఎప్పుడూ అందరి తర్వాతే వచ్చేది. ఆ ఏడాది కాలువలో నీళ్ళు సగానికి సగం పడిపోయాయి. ఇకనుంచి మనుషులు అరవక్కర్లేదు, నేలే చెప్తుంది, దాని మాటే చెల్లుతుంది అన్నారు. ఇంతకంటే న్యాయం ఏముంటుందనుకున్నాను.

పైగా ఆ దీపాలు చూసుకునే ఉద్యోగం మా మరిదికే వచ్చింది. చదువు అయిపోయి, మంచానికీ సెల్‌ఫోనుకీ అతుక్కుపోయి ఉన్నవాడు ఒక్కసారిగా బూట్లు వేసుకుని తిరగడం మొదలుపెట్టాడు. మూరెడు లోతు గొయ్యి తీసి తేమ కొలిచే సెన్సరు గొట్టం పాతడం, దాని వైరు స్తంభానికి ఎక్కించడం, సోలార్ పలక మీద దుమ్ము తుడవడం, ఎర్రబడ్డ చేనుకి వెళ్ళి తూము తాళం తీయడం వాడి పని. చుట్టుపక్కల వాళ్ళు దీపాల దొర అని పేరు పెట్టారు. తాళంచెవుల గుత్తి మా వంటగది మేకుకి వేలాడుతుంటే మా అత్తయ్య దాన్ని గుడ్డతో తుడిచి మళ్ళీ తగిలించేది. నీళ్ళ తాళం మన ఇంట్లోనే ఉంది, ఇంకేం భయం అనుకున్నాను. మా ఇంటి దీపమని ముద్దు పెట్టుకుంటే మీసాలన్నీ కాలాయన్న సామెత ఎవరు కట్టారో గానీ, వాళ్ళూ ఇలాంటి కొంపలోనే కాపురం చేసి ఉంటారు.

ఆ సారి మొక్కజొన్న వేశాం. మా ఆయన లారీ ఎక్కబోతూ, “ఈ పంట కూడా పోతే ఇక లాభం లేదు. చేను కౌలుకిచ్చేసి మీరంతా టౌనుకి వచ్చేయండి. ఏదో ఒకటి చేసుకుని బతుకుదాం” అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. అంతకుముందు రెండు పంటలూ నీళ్ళు అందక పోయాయి. కానీ టౌనులో ఇరుకు గదిలో కూర్చుని నేను చేసే పనేముంది? నాకు వచ్చింది ఇదొక్కటే. “చూద్దాంలెండి” అన్నాను. ఈ పంట చేతికొస్తే చేను నా చేతిలో ఉంటుంది, లేకపోతే లేదు.

మొదట్లో ఒకసారి దీపం ఎర్రబడింది. మరిది తూము తీశాడు. చేను చివరిదాకా తడిసింది. ఆ తర్వాత అది మళ్ళీ ఎర్రబడలేదు. ఎండలు ముదిరాయి, పక్క చేలల్లో ఎరుపూ పచ్చా మారుతూనే ఉన్నాయి, మా దీపం మాత్రం పచ్చగా అలాగే నిలబడింది. మన నేల తేమ పట్టి ఉంచే రకం కాబోలు అని కొన్నాళ్ళు సంబరపడ్డాను కూడా.

పైన పూత విచ్చే వేళకి ఆకులు చుట్టుకోవడం మొదలైంది. మధ్యాహ్నం ఎండకి చుట్టుకుని సాయంత్రానికి విప్పుకుంటే పరవాలేదు, మొక్క తన ఒళ్ళు తాను కాచుకుంటోంది అనుకోవచ్చు. మావి తెల్లారేసరికే చుట్టుకుని ఉంటున్నాయి. మొక్కజొన్నకి కంకి పీచు తొడిగే రోజులే ప్రాణం. అప్పుడు నీళ్ళు తప్పితే తర్వాత చెరువు తెచ్చి పోసినా గింజ కట్టదు. ఇదేమీ దాచిపెట్టిన విద్య కాదు, చేలో కాలు పెట్టినవాళ్ళందరికీ తెలిసిందే.

మరిది భోజనానికి కూర్చున్నప్పుడు అడిగాను.

“మన చేనుకి నీళ్ళెప్పుడు?”

“దీపం పచ్చగా ఉంది వదినా.”

“నేను దీపం సంగతి అడగలేదు.”

“పచ్చగా ఉంటే తేమ ఉన్నట్టే కదా. స్తంభం దగ్గర మొక్కలు చూడలేదా, ఎంత ఏపుగా ఉన్నాయో.”

అది నిజమే. స్తంభం బాట పక్కన, చేను మొదట్లో ఉంది. ఆఫీసు వాళ్ళు అన్ని చేలల్లోనూ అలాగే బాట పక్కన పాతించారు, తనిఖీకి వచ్చినవాళ్ళ బూట్లకి మట్టి అంటకూడదు కదా. మా స్తంభం చుట్టూ ఉన్న కాసిని మొక్కలు నల్లగా నిగనిగలాడుతూ మనిషెత్తు పెరిగాయి. పోయినేడు అక్కడే పశువుల్ని కట్టేవాళ్ళం, పేడ బలం అనుకున్నాను.

“అవి సరే, మిగతా చేను చూశావా?”

“పురుగేదైనా పట్టిందేమో.”

ఒళ్ళు మండింది. పలుగు తీసుకుని వెళ్ళి చేను నడిమధ్య తవ్వి, రాయిలాంటి మట్టిగడ్డ ఒకటి తెచ్చి వాడి కంచం పక్కన పెట్టాను.

“ఇందులో తేమ ఉందన్నావుగా. పిండి చూపించు.”

“ఒక్కచోట తవ్వి చేనంతా ఇంతే అంటే ఎలా వదినా?”

“మీ గొట్టం మాత్రం పది చోట్ల ఉందా?”

 అత్తయ్య గబగబా వచ్చి ఆ గడ్డ తీసి బయట పారేసింది. “తినేవాడి ముందు మట్టి పెడతావేంటే” అని నన్నే కసిరింది. చిన్నకొడుకు పొట్టలోకి నాలుగు మెతుకులు పోతుంటే ఆవిడకి ఇంకేదీ కనిపించదు అనుకుని ఊరుకున్నాను.

వాడు మాత్రం అలా వదిలెయ్యలేదు. ఆ మాట చెప్పాలి. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి గొట్టం బయటికి లాగాడు. ఎండు ఇసుకలో గుచ్చితే దీపం ఎర్రబడింది, గ్లాసు నీళ్ళలో పెడితే పచ్చబడింది. యంత్రంలో ఏ లోపమూ లేదు. గొట్టానికి అంటుకున్న మట్టి చూశాను, చల్లగా, తడిగా ఉంది. నా కళ్ళని నేనే నమ్మలేకపోయాను.

“చూశావుగా” అన్నాడు.

“అయితే దీన్ని చేను మధ్యకి మార్చు.”

“ఆఫీసరు ఒప్పుకోకుండా స్తంభం కదిపితే నా ఉద్యోగం పోతుంది. మొన్న ఒకడు గొట్టం మీద నీళ్ళు దిగకుండా ప్లాస్టిక్ పట్టా కప్పి, కింద ఎండబెట్టి, ఎరుపు తెప్పించుకున్నాడు. వాడికి ఈ కాలమంతా నీళ్ళు ఆపేశారు.”

“పోనీ, ఒక్క పూట తూము తియ్యి. మన ఇంట్లోనే ఉంది కదరా తాళంచెవి.”

“అందుకే తియ్యలేను వదినా. మన చేనుకి దీపం లేకుండా నీళ్ళు వదిలానని తెలిస్తే నన్నెవరైనా నమ్ముతారా?”

ఆ నిజాయితీకి మెచ్చుకోవాలో, చెంప పగలగొట్టాలో తెలియలేదు. ఊరందరికీ నీళ్ళు తిప్పే చెయ్యి మా చేను దగ్గరికి వచ్చేసరికి జేబులోకి పోతుంది. పరాయివాడు ఆ ఉద్యోగంలో ఉండి ఉంటే కాళ్ళో వేళ్ళో పట్టుకుని ఒక పూట నీళ్ళు తెచ్చుకునేదాన్ని. మా వాడు కావడమే మా పాపం.

నేనే ఆఫీసుకి వెళ్ళాను. ఎండిన మొక్క ఒకటి వేళ్ళతో సహా పీకి పట్టుకెళ్ళాను. ఆఫీసరు గది చల్లగా ఉంది. ఆయన వెనక గోడ నిండా పెద్ద తెర, దాని మీద కాలువ, కాలువ పక్కన చిక్కుడు గింజలంత చుక్కలు, కొన్ని ఎర్రగా, ఎక్కువ పచ్చగా ఉన్నాయి.

“కూర్చోండమ్మా. మీరు మన దీపాల కుర్రాడి వదినగారు కదూ. మీ చేను మాకు ఆదర్శం” అన్నాడు.

“ఆదర్శం ఎండిపోతోంది సార్” అని మొక్క బల్ల మీద పెట్టాను.

మట్టి రాలుతుందని కాగితాలు పక్కకి జరుపుకున్నాడు. మొక్క వంక ఒకసారి, తెర వంక ఒకసారి చూశాడు. “మీది పచ్చగానే ఉందే” అన్నాడు.

“అందులో పచ్చగా ఉంది. చేలో లేదు. వచ్చి చూడండి, ఎంత దూరమని.”

“చూస్తూనే ఉన్నానమ్మా, ఇక్కణ్ణుంచి ప్రతి గంటా చూస్తాను. అదే దీని గొప్పతనం. ఇలా ఆకు చుట్టుకుంటే తెగులు కావచ్చు, తెగుళ్ళ విభాగం వేరే ఉంది.” మళ్ళీ తనే, “ఎల్లుండి పై నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు. పచ్చచుక్కలు ఎక్కడ ఎక్కువ ఉంటే అక్కడ నీళ్ళు అంత పొదుపు చేసినట్టు లెక్క. వాళ్ళకి మీ చేనే చూపిస్తున్నాం” అన్నాడు.

నాకు అప్పుడు అర్థమైంది. ఎరుపు అంటే మాకు దాహం. ఆయనకి మాత్రం ఎరుపు అంటే మచ్చ. మా దాహం చెప్పడానికని పెట్టిన దీపాన్ని, దాహం లేదని పైవాళ్ళకి చూపించుకోవడానికి వాడుకుంటున్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. “పచ్చరంగే కావాలంటే చుక్కలన్నిటికీ రంగు వేసుకుంటే పోలా సార్, మధ్యలో మా నేలెందుకు?” అన్నాను. ఆయన నవ్వి గంట నొక్కాడు. బంట్రోతు వచ్చి నేను తెచ్చిన మొక్కని ఎత్తుకుపోయి చెత్తబుట్టలో వేశాడు.

ఆ మర్నాడు పొద్దు పొడవకముందే లేచాను. ఏం చేయాలో తోచక, ఉన్న రెండు బిందెలతో మోసైనా కాసిని మొక్కలు బతికిద్దామని బయల్దేరాను. చేనంతటికీ బిందెలతో నీళ్ళు మోయడం మండుతున్న కొంప మీద ఉమ్మేసినట్టే అని తెలుసు. అయినా ఊరికే కూర్చోలేకపోయాను.

అత్తయ్య మంచం ఖాళీగా ఉంది. మోకాళ్ళకి మంచిదని ఎవరో చెప్పారంటూ కొంతకాలంగా ఆవిడ పొద్దున్నే బాట వెంట నడిచి వస్తోంది. అలాగే వెళ్ళిందనుకున్నాను. తీరా చేను దగ్గరికి వెళ్ళేసరికి ఆవిడ స్తంభం మొదట్లో వంగి ఉంది. పక్కన మా స్నానాల గది బకెట్. మొదట్లో పరిచిన ఎండుగడ్డి పక్కకి తీసి, చెంబుతో ముంచి, నీళ్ళు ఒలికిపోకుండా అరచెయ్యి అడ్డం పెట్టి, మెల్లగా పోస్తోంది. అయిపోయాక గడ్డి మళ్ళీ కప్పి, దీపం వంక చూసింది. పచ్చగా ఉంది. తృప్తిగా బకెట్ ఎత్తుకుంది.

నేను కనిపించేసరికి ఉలిక్కిపడింది గానీ దాచుకోలేదు.

“ఏం చేస్తున్నారు అత్తయ్యా?”

“చూస్తున్నావుగా.”

“రోజూ పోస్తున్నారా?”

“మొదట్లో ఒకసారి ఇది ఎర్రబడింది చూడు, ఆ రోజు నేనిక్కడ గడ్డి కోసుకుంటున్నా. ఆఫీసరు మోటార్ సైకిల్ దిగి మన వాణ్ణి నిలబెట్టి తిట్టాడే. నీ ఇంటి దీపమే ఎర్రగా ఉంటే ఊళ్ళో వాళ్ళకి నువ్వేం చెప్తావు, ఇలాగైతే ఇంకొకణ్ణి పెట్టుకుంటాను అన్నాడు. వాడు తల వంచుకుని నిలబడ్డాడు. వాడు ఉద్యోగం లేక కూర్చున్న రోజులు నువ్వూ చూశావు కదా. మళ్ళీ ఆ మంచానికి వాణ్ణి నేను పంపలేను.”

“అందుకని చేను ఎండబెట్టారా?”

ఆవిడ స్తంభం చుట్టూ ఏపుగా ఉన్న మొక్కలకేసి చూసి, నన్ను వింతగా చూసింది. “చేనెందుకు ఎండుతుంది? ఈ దీపం ఆఫీసు వాళ్ళ కోసం. చేనుకి నీళ్ళు కావాలంటే వాడే పెడతాడుగా, తాళం వాడి దగ్గరే ఉంది. సొంత చేను ఎండిపోతుంటే దీపం చూసుకుంటూ ఊరుకునేవాడు ఎవడైనా ఉంటాడా?”

నేను బిందెలు కింద పెట్టాను. ఈ కాలువ కింద ఇంతమందిమి ఉన్నాం, ఆఫీసరున్నాడు, గోడంత తెర ఉంది. అందరిలోకీ ఆ ముసలావిడ ఒక్కతే దీపం ఎవరి కోసమో సరిగ్గా తెలుసుకుంది. తెలియనిదల్లా తన కొడుకు సంగతే. 

ఇంటికెళ్ళి మరిదిని లేపి చెప్పాను. వాడు మంచం మీద లేచి కూర్చుని తల పట్టుకున్నాడు. తల్లి గుమ్మం దగ్గర నిలబడింది.

“లే. తాళం తీసుకో. తూము తియ్యి” అన్నాను.

“అమ్మ పొయ్యడం ఆపితే దీపం దానంతటదే ఎర్రబడుతుంది వదినా. అప్పుడు రూలు ప్రకారమే…”

“అక్కడ నేల నానిపోయి ఉంది. అది ఆరేదెప్పుడు, ఎర్రబడేదెప్పుడు? పీచు ఇప్పుడు ఎండుతోందిరా.”

“రేపు పెద్దవాళ్ళు వస్తున్నారు. ఆ ఒక్కరోజు గడవనీ. తర్వాత నేనే ఏదో ఒకటి చేస్తాను. అమ్మ పోసిందని బయటపడితే నా పని అయిపోతుంది.”

“రేపు గడిస్తే ఎల్లుండి ఇంకోటి వస్తుంది. నీకు అన్నం పెట్టేది ఆ దీపం కాదు, ఆ చేను.”

“అరవకు వదినా.”

తాళంచెవుల కోసం మేకు వైపు నడిచాను. మేకు ఖాళీగా ఉంది. గుత్తి వాడి దిండు కింద ఉంది. నేనెక్కడ తీసుకుపోతానో అని ముందే దాచుకున్నాడు. ఈ ఇంటికి నేను కోడలిగా వచ్చినప్పుడు వాడు బడికి వెళ్ళే పిల్లాడు, వాడి చొక్కా గుండీలు నేను పెట్టేదాన్ని. అలాంటిది నన్ను దొంగని చేశాడు. పలుగుతో తూము తాళం బద్దలు కొడతానన్నాను. అత్తయ్య నా రెండు చేతులూ పట్టుకుంది. “కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందే. ఒక్కరోజు ఓర్చుకో. రేపటినుంచి నేను పొయ్యను” అంది. ఆ రోజంతా బిందెలు మోస్తూనే ఉన్నాను. భుజాలు పుండైపోయాయి, తడిసింది నాలుగు సాళ్ళు.

పెద్దవాళ్ళు రెండు జీపుల్లో వచ్చారు. బాట మీదే నిలబడి, చేనుకి వీపు పెట్టి, దీపానికి ఫోటోలు తీసుకున్నారు. స్తంభం దగ్గర మొక్కల్ని నిమిరారు. వాళ్ళలో ఒకావిడ మాత్రం, జుట్టు నెరిసినావిడ, ఎవరితోనూ మాట్లాడకుండా లోపలి వరసల వైపే చూస్తోంది. ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు.

“ఈ చేను చూడండి. ఇన్ని ఎండల్లో ఒకే ఒక్కసారి తప్ప నీళ్ళు అడగలేదు. మన పద్ధతి పనిచేస్తోందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.”

“అడిగింది బాబూ” అంది అత్తయ్య.

ఎప్పుడు వచ్చిందో, గట్టు మీద నా వెనక నిలబడి ఉంది. నా భుజాల మీద పుండ్లకి ముందురోజు సాయంత్రం తనే నూనె రాసింది. అప్పటినుంచీ మాట్లాడలేదు.

“అడుగుతూనే ఉంది. నేనే దాని నోరు నొక్కేశాను. రోజూ పొద్దున్నే ఇక్కడ నీళ్ళు పోశాను. దీపం పచ్చగా ఉంటే సరిపోతుందనుకున్నా. చేను ఎండిపోయింది. మా కోడల్ని చూడండి, బిందెలు మోసి మోసి ఎలా అయిపోయిందో.”

 ఆ నెరిసినావిడ చెప్పులు విడిచి చేలోకి దిగింది. కొంత దూరం వెళ్ళి ఒక ఆకు పట్టుకుంది, అది చేతిలో పొడుం అయిపోయింది. కూర్చుని వేళ్ళతో మట్టి తవ్వింది. తిరిగి వచ్చేసరికి ముఖం ఎర్రగా ఉంది. “ముందు ఈ చేనుకి నీళ్ళు వదలండి. మిగతావి తర్వాత మాట్లాడదాం” అంది ఆఫీసరుతో.

ఆఫీసరు ముఖం మాడిపోయింది. ఎవరో ఒకరి మీద పెట్టాలి కదా, మా మరిది వైపు తిరిగాడు. “నీ కంటి ముందు జరుగుతుంటే నీకు తెలియలేదా?”

వాడు బూట్ల వంక చూసుకున్నాడు.

“తెలీదు సార్” అన్నాడు.

“వాడికి తెలీదు బాబూ” అంది అత్తయ్య వెంటనే. “వాడు పడుకుని ఉండగా వచ్చి పోసేదాన్ని. వాడికేం తెలీదు.”

ఆఫీసరు ఆవిడ వైపు తిరిగి, ప్రభుత్వ యంత్రాన్ని ముట్టుకుంటే ఏమవుతుందో తెలుసా అని మొదలుపెట్టాడు. ప్లాస్టిక్ పట్టా కప్పినవాడు నీళ్ళు కాజేశాడు. ఈవిడ తన నీళ్ళు తనే పోగొట్టుకుంది. ఇద్దరినీ ఒకే గాటన కట్టేశాడు. జీపుల దగ్గర జనం పోగయ్యారు. ఇంత వయసుకి వచ్చి, ఎవరి ముందూ తల వంచి ఎరగని మనిషి, స్తంభం పక్కన చేతులు కట్టుకుని, అన్నిటికీ అవును బాబూ, తప్పే బాబూ అంటోంది. కొడుకు పక్కనే నిలబడి వింటున్నాడు.

ఇక ఆగలేకపోయాను. “వాడికి తెలుసు” అన్నాను. “నిన్న పొద్దున నేనే చెప్పాను. మీరు వచ్చి వెళ్ళేదాకా నోరు మూసుకోమన్నాడు. ఆవిణ్ణి అడగడం ఆపండి. ఎర్రదీపం కనిపిస్తే ఉద్యోగం ఊడుతుందని వాణ్ణి భయపెట్టింది ఎవరో, ఈయన్నే అడగండి.”

నీళ్ళు ఆ పూటే వచ్చాయి. తూము తీసింది మా మరిదే, ఆ ఉద్యోగంలో వాడు చేసిన చివరి పని అది. నేల బుడగలు కక్కుతూ తాగింది. తూము దగ్గర వాడు, చేలో నేను, ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. అత్తయ్య ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ ఆఫీసరుకి ఏమైందని అడుగుతారేమో. ఏమీ కాలేదు. ఒక వృద్ధురాలి అవగాహన లోపం వల్ల, ఉద్యోగి అశ్రద్ధ వల్ల పొరపాటు జరిగిందని రాసి పంపాడట. ఇంటి దీపం ఎర్రబడిందని నడిబాట మీద తిట్టినవాడికి మాత్రం అవగాహన నిండుగా ఉందన్నమాట. స్తంభాన్ని చేను మధ్యలోకి మార్చారు, అది మా అందరికీ జరిగిన మేలు. దానికి ఒక ఇంటిని బలి ఇవ్వాల్సిన పనేముందో నాకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

పంట సగం వచ్చింది. నీళ్ళు వచ్చేలోపే పీచు తొడిగిన చోట కంకి పళ్ళూడిన నోరులా ఉంది, పీచు ఆలస్యంగా తొడిగిన చోట నిండుగా కట్టింది. మా ఆయన వచ్చి చూసుకుని, “సరే, ఇంకో పంట చూద్దాం” అన్నాడు. చేను నా చేతిలో మిగిలింది.

మరిదికి టౌనులో ఒక గోదాములో పని దొరికింది. వాడు వెళ్తుంటే అత్తయ్య కూడా తన బట్టలు సర్దుకుంది. నేనేమీ ఆవిడతో పోట్లాడలేదు, ఆవిడా నాతో పోట్లాడలేదు. చేలో జరిగిన రోజు నుంచీ నేను పెట్టింది తింటోంది, అడిగినదానికి జవాబిస్తోంది, అంతే. బస్సు దగ్గరికి సంచి నేనే మోసుకెళ్ళాను. వాడు దూరంగా నిలబడి ఫోను చూసుకుంటున్నాడు.

“ఇది మీ ఇల్లు అత్తయ్యా. మీరెందుకు వెళ్ళడం?”

“వాడికి వండిపెట్టేవాళ్ళెవరున్నారు?”

“నా మీద కోపం ఉంటే తిట్టండి.”

ఆవిడ రోడ్డు వంక చూస్తూ అంది.

“ఆ జుట్టు నెరిసినావిడ చేలో దిగి మట్టి చూసింది. నీళ్ళు వదలమంది. నువ్వు కూడా విన్నావు. ఇక చేనుకి ఢోకా లేదు. ఆ తర్వాత కదే నువ్వు నోరు విప్పింది. అప్పుడు వాడి పేరు ఎత్తడం దేనికి?”

“మిమ్మల్ని అందరి ముందు దొంగలా నిలబెట్టారు. వాడు తెలీదంటూ పక్కనే ఉన్నాడు. నేను చూడలేకపోయాను.”

“నేను నిలబడ్డాను కదా” అంది. గొంతు పెంచలేదు. “నా కొడుకు కోసం నేను నిలబడ్డాను. నిలబడగలననే నిలబడ్డాను. నన్ను తప్పించమని నిన్ను అడిగానా?”

బస్సు వచ్చింది. మరిది ఎక్కి తల్లికి చెయ్యి అందించాడు. నేను సంచి అందించాను. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకుంది. బస్సు కదిలేదాకా నేను అక్కడే ఉన్నాను. వాడు తెలీదన్నప్పుడు నాకు వచ్చిన కోపం అప్పటికీ తగ్గలేదు, అది న్యాయమైన కోపమనే ఆవిడకి చెప్పాలనుకున్నాను. ఆవిడ నా వైపు తిరగలేదు.